ముందు వరసలో ఎడమ చెప్పు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. మోకాలికి మోకాలు తగిలినా ఫరవాలేదు, అరిచి చెప్పే సంగతి కాదిది.

చర్చిలో చివరి బల్ల దగ్గర వడ్రంగి నిలబడిపోయాడు. ఇరవై ఏళ్లుగా తను కూర్చునే చోట ఎవరో కొత్త ముసలాయన చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఇది నా చోటు."

"పేరు రాసుందా బాబూ?"

"ఈ బల్లలన్నీ నా చేతి పనే. అయినా పేరు రాసుకోలేదు, ముందుకెళ్లి కూర్చోలేదు. తగ్గించుకుని ఇక్కడే ఉంటా."

"అట్లాగా. అయితే ఇవాళొక్క రోజు నన్ను తగ్గించుకోనీ."

ముసలాయన కదిలే రకం కాదు. వడ్రంగికి ప్రాణం ఉసూరుమంది. ఆరాధన చివర్లో కొత్త సంఘపెద్ద పేరు చెప్తారు. అది తన పేరేనని పాస్టరుగారి మాటల్లో పసిగట్టాడు. చివరి బల్ల నుంచి లేచి అందరి మధ్యగా నడిచి వెళ్లాలని వారం రోజులుగా మనసులో నడుస్తూనే ఉన్నాడు పాపం.

ఖాళీ ఉన్నది ముందు వరసలోనే, భార్య పక్కన.

"జరగవే, అంచున నేను కూర్చుంటా."

"అంచున వద్దండీ, లోపలికి రండి."

"ముందు వరస మీద మోజు సరే, అంచు మీద కూడానా? నిన్ననేగా ఆ ఎడమ చెప్పు మళ్లీ కుట్టించుకొచ్చా. ఎప్పుడు చూసినా ముందు కొస ఒక్కటే నలిగిపోతుంది. అదేం నడకే నీది?"

ఆవిడ నవ్వి లోపలికి జరిగింది, అతను అంచున కూర్చున్నాడు.

రాతినేల చల్లగా ఉంటుందని అక్కడ అందరూ చెప్పులతోనే కూర్చుంటారు. పాస్టరుగారు మౌనప్రార్థన అనగానే తలలు వంచారు.

టక్.

వడ్రంగి కళ్లు తెరిచాడు. ఊపిరి తీస్తే టక్, వదిలితే టక్.

"ఎవరే ఆ కదిలేది?"

"మనుషులు కాదండీ, బల్ల."

వంగి చూశాడు. అంచునున్న బల్ల కాలు చెప్పు అట్ట మందమంత పొట్టిగా ఉంది. తన బల్లల కాళ్ల కింద కాగితం కూడా దూరదని కనపడినవాళ్లందరికీ చెప్పుకున్న మనిషికి చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ మూసిన కళ్లు మూసినట్టే ఉంచి, ఎడమ కాలు చాపి, చెప్పు కొసను ఆ బల్ల కాలి కింద దూర్చింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. చప్పుడు ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచే?" వంగినవాడు వంగినట్టే అడిగాడు.

"బల్లలు వేసిన రోజు నుంచీ."

"చెప్తే నిమిషంలో సరిచేసేవాణ్ణి కదే."

"ఆ రోజు మీరు మురిసిపోతుంటే నోరు రాలేదు. తర్వాత అలవాటైపోయింది. ప్రార్థన చేసుకోండి."

ఆరాధన ముగిసింది. పాస్టరుగారు చిరునవ్వుతో కాగితం విప్పారు. "అందరికంటే తగ్గించుకుని చివర కూర్చునే మన వడ్రంగిగారే కొత్త సంఘపెద్ద. లేచి ముందుకు రండి."

అతను లేవలేదు. వంగి, ఆవిడ కాలు మెల్లగా పక్కకు జరిపి, అక్కడ తన చెప్పు కొస పెట్టాడు.

ఇది మర్చిపోకు తల్లీ, నీ పిల్లలకీ చెప్పు. చెప్పేటప్పుడు వడ్రంగిని మరీ చిన్నబుచ్చకు, ఆ రోజు అతనన్న మాట మాత్రం వదలకుండా చెప్పు:

"నేను లేవలేనండీ, లేస్తే బల్ల ఊగుతుంది. మా ఆవిడ పేరు రాసుకోండి."