కూర్చోని బానెట్

"ఇంకాస్త గీకితే కూర్చుంటుంది!" అంటూ విజయ్ పాల్ మాస్టారు తన పాత అంబాసిడర్‌కి తెచ్చిన కొత్త బానెట్ అంచుని ఆకురాయి పెట్టి అరగదీస్తున్నారు.

పొద్దుట్నుంచీ ఇదే వరస. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది.

"ఆ రాజమండ్రి షాపువాడు డూప్లికేట్ సరుకు అంటగట్టాడు, దొంగ వెధవ!"

వెనక సీట్లో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న భార్య తబిత అంది. "చర్చిలో రెండో గంట కూడా కొట్టేశారండి."

గొడవ విని పక్కింటి మెకానిక్ చిట్టియ్య వచ్చాడు. బానెట్ ఎత్తి అడుగున చూశాడు.

"ఇది అసలుదేనండి మాస్టారూ. ఇదిగో, కంపెనీ ముద్ర."

"మరెందుకు పట్టి చావట్లేదు?"

"అటూ ఇటూ ఉన్న మడ్‌గార్డులు డూప్లికేట్ కదండీ. పోయినేడు మీరే తెచ్చి, సుత్తితో కొట్టి మరీ బిగించారు. నేను వద్దంటే విన్నారా?"

మాస్టారికి గుర్తొచ్చింది. కంపెనీవాడు కూడా ఇంత బాగా బిగించలేడని అప్పుడు వీధివీధంతా పిలిచి చూపించారు.

తబిత కారు దిగి, ఆటో పిలిచింది.

మాస్టారు ఆకురాయిని మెల్లగా జేబులో వేసుకున్నారు.

"చిట్టియ్యా, దీన్ని పక్కన పెట్టు. ఎక్కడైనా మంచి డూప్లికేట్ బానెట్ ఉంటే చూడు."