నిండు ట్రాలీ

"ట్రాలీ కాస్త ముందుకు తొయ్. అడుగునున్నవి కూడా కనపడాలి," అన్నాడు భర్త, సూపర్‌మార్కెట్ నడవలో ఫోను ఎత్తి పట్టుకుని.

ఆమె నవ్వు పులుముకుని తోసింది. బాదంపప్పు, వెన్న, పళ్లరసాలు. ఈ దేశం వచ్చాక వీటిలో ఒక్కటీ వాళ్ల గడప తొక్కలేదు.

వీడియోలో అక్క. వెనక నుంచి అక్క అత్తగారు తొంగిచూస్తున్నారు.

"మీ చెల్లెలిది రాజభోగమేనమ్మా!" అంటూ అత్తగారు అవతలికి వెళ్లారు.

"ఉంటానక్కా," అంది చెల్లెలు కంగారుగా. అన్నీ మళ్లీ ఎక్కడివక్కడ సర్దేయాలి. కొనేది బ్రెడ్డూ గుడ్లే.

"ఆగవే," అక్క గొంతు తగ్గించింది. "ముందు ఆ వెన్న ఫ్రిజ్‌లో పెట్టెయ్. కరిగితే నీచేత కొనిపిస్తారు."

"నీకెలా తెలిసింది?" అంది చెల్లెలు.

"నాన్న కొట్లో కూర్చున్నదాన్ని కాదూ? కొనేవాళ్లు తిప్పి ధర చూస్తారే. నువ్వు ట్రాలీలో వేసేప్పుడు ఒక్కదానికీ చూడలేదు."

"పోనీలే, తెలిసిపోయిందిగా. వచ్చేవారం నుంచి ఈ నాటకం ఉండదు," అంది చెల్లెలు, గుండెల మీంచి బరువు దిగినట్టు.

అక్క వెనక్కి చూసుకుంది.

"అంత పని చెయ్యకే తల్లీ! నీ ట్రాలీ చూసినప్పట్నించే మా అత్తగారు 'గతిలేని సంబంధం' అని నన్ను దెప్పడం మానేశారు. వచ్చేవారం ఇంకాస్త నింపు."

ఫోను పెట్టేసింది.

చెల్లెలు వెన్న తీసుకుని ఫ్రిజ్ దాకా వెళ్లి, తిప్పి ధర చూసింది.

"కొనం కదా, ఎందుకు చూడటం?" అన్నాడు భర్త.

"అలవాటు చేసుకోవాలిగా."