మిగతా నలుగురు

టికెట్ మీద ఐదు గీతలుంటాయి. ఒక్కో గీత మీద ఒక్కో పేరు రాయాలి.

నా పేరు ఎప్పుడూ ఐదో గీత మీదే.

శని, ఆదివారాల్లో ఈ ఒక్క టికెట్‌తో ఐదుగురు రైల్లో జర్మనీలోని ఈ బవేరియా రాష్ట్రమంతా తిరగొచ్చు. సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా పోవచ్చు. ఎంతమంది ఎక్కితే తలా అంత చవక. అందుకే శుక్రవారం సాయంత్రం హాస్టల్ వంటగదిలో ఒత్తావియాకి నేను గుర్తొస్తాను.

“బెనే, రేపు వస్తున్నావుగా? నలుగురం ఉన్నాం. నువ్వొస్తే సరిపోతుంది.”

సరిపోతుంది. అదీ నా హోదా.

సోమవారం నుంచి గురువారం దాకా ఇదే ఒత్తావియా ఇదే వంటగదిలో నా పక్కనే నిలబడి పాస్తా ఉడకబెట్టుకుంటుంది. “ఉప్పుందా?” తప్ప ఇంకో మాట ఉండదు. అయినా శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. సిగ్గులేనిదాన్ని.

టికెట్ కొనడం నా పని. మిగతావాళ్ళు జుట్టు ముడేసుకుంటూ, నోట్లో రొట్టె ముక్కతో, రైలు కదిలేముందు పరుగెత్తుకొస్తారు. అప్పటికే నేను మెషీన్ నొక్కేసి పేర్లు రాసి ఉంచుతాను. ఒత్తావియా, రాదిమ్, చెంగె, తార్మో. చివర్న బెనెదీత.

రైల్లో సీట్లు నాలుగేసి ఉంటాయి, ఎదురెదురుగా ఇద్దరిద్దరు. ఐదోవాళ్ళు నడిచే దారికి అవతల కూర్చోవాలి. వాళ్ళు ఏదో అనుకుని పగలబడి నవ్వుతుంటే, సగం వినపడకపోయినా నేనూ నవ్వేదాన్ని.

ఆదివారం పోర్చుగల్ నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది.

“ఈ వారం ఎక్కడికెళ్ళావే?”

“సాల్జ్‌బర్గ్.”

“ఫొటోలో నువ్వు లేవేం?”

“తీసింది నేనేనమ్మా.”

“హమ్మయ్య, నలుగురితో ఉన్నావు. నాకంతే చాలు. ఇక్కడ నువ్వు ఇల్లు కదిలేదానివి కాదు, అక్కడికెళ్ళి ఏమైపోతావో అని బెంగెట్టుకున్నాను.”

నిన్న వంటగదిలో ఒత్తావియా పక్కన కొత్త పిల్ల కూర్చుని ఉంది. చెల్లెలట, బొలోన్యా నుంచి వచ్చిందట. ముక్కు చూస్తే తెలుస్తూనే ఉంది.

“బెనే, ఏమనుకోకే. ఇదొచ్చింది కదా, ఐదుగురమైపోయాం. నీకెలాగూ పరీక్ష ఉందన్నావుగా?”

ఆ పరీక్ష అయిపోయి వారమైంది.

“అవును, చదువుకోవాలి” అన్నాను.

“చూశావా, నేను చెప్పలా? బెనే బంగారం!” అంది చెల్లెలితో.

బంగారం గదికెళ్ళి తలుపు గడియ పెట్టుకుని, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గోడకి అవతల తార్మో ఉంటాడు, వినపడితే పరువు పోతుందని.

ఈరోజు పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోయారు. మెట్ల మీద వాళ్ళ గోల వినిపించింది. టికెట్ ఎవరు కొంటారా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

కాసేపటికి కోపం వచ్చింది. నాకు మాత్రం కాళ్ళు లేవా? పస్సావు ఊరికి పోదామని సంచి తగిలించుకుని స్టేషన్‌కి నడిచాను.

మెషీన్ అడిగింది, ఎంతమంది అని.

నా వేలు దానంతటదే ఐదు నొక్కేసింది. తేరుకునేలోపు కార్డు పెట్టడం, టికెట్ బయటికి రావడం కూడా అయిపోయాయి.

ఛీ, నా బుర్ర.

పోనీలే అనుకున్నాను. ఇక్కడ ప్లాట్‌ఫాం మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఒకరి టికెట్‌లో ఒకరు కలుస్తుంటారు. ఒక్కరు దొరికినా చాలు, కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు.

వీపు మీద పెద్ద సంచులతో ఒక జంట కనిపించింది.

“నా టికెట్‌లో చోటుంది, వస్తారా? డబ్బులేం వద్దు.”

అబ్బాయి అమ్మాయి వైపు చూశాడు. “మాకు టికెట్ ఉందండీ” అన్నాడు. తర్వాత నేను అటు తిరగ్గానే ఇద్దరూ మెషీన్ దగ్గరికెళ్ళి కొనుక్కున్నారు.

కుక్కపిల్లతో ఉన్న ముసలావిడని అడిగాను.

“ఈ రోజుల్లో ఊరికే ఎవరిస్తారు తల్లీ! ఇందులో ఏదో తిరకాసుంది” అని కుక్క తాడు దగ్గరికి లాక్కుంది.

ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదు.

రైల్లో నాలుగు సీట్ల చోటు ఖాళీగా దొరికింది. కిటికీ పక్కన కూర్చుని సంచి పక్క సీట్లో పెట్టాను. ఇలాంటి చోట కూర్చోవడం ఇదే మొదటిసారి.

“టికెట్లమ్మా, టికెట్లు!” అంటూ గుబురు మీసాల కండక్టర్ వచ్చాడు. పేరు రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పెన్నే అడిగి తీసుకుని గబగబా గీకి ఇచ్చాను.

ఆయన టికెట్ చూశాడు. నన్ను చూశాడు. ఖాళీ సీట్లు చూశాడు.

“ఏంటమ్మాయ్, అట్టడుగున రాశావు? పైన నాలుగు గీతలూ ఖాళీ. మిగతా నలుగురేరీ?”

వంగి చూశాను. నిజమే, ఐదో గీత మీద రాసేశాను.

పొరపాటైందని ఒక్క మాట చెప్తే నవ్వేసి పోయేవాడు.

“వచ్చే స్టేషన్లో ఎక్కుతారు” అన్నాను.

“అలా చెప్పు మరి! రాగానే పేర్లు రాయించు, మర్చిపోకు. చక్కగా ఐదుగురూ కలిసి తిరగండి, ఇదే వయసు.”

పెన్ను నా దగ్గరే వదిలేసి ముందుకెళ్ళాడు.

తర్వాతి స్టేషన్ స్ట్రౌబింగ్ వచ్చింది. రైలు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

పక్క సీట్లోంచి సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.