పక్కలో పాప

గుంట తవ్వడం అయిపోయింది. పాస్టరుగారు బైబిలు తెరిచారు. సరిగ్గా అప్పుడే అడ్డుపడింది లీయా అత్త హేబ్సిబా.

“ఆగుండ్రి అయ్యగారూ. పిల్ల ఎట్ల పోయిందో తెల్వకుంట మన్నెయ్యనియ్య.”

నౌబాద్ చర్చివాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఆమె పట్టు పట్టిందంటే ఇక అంతే. హైటెక్ సిటీలో రోజుకో కంపెనీ తెరుస్తున్న రోజులవి. ఆ కంపెనీల ఉద్యోగులను తిప్పే కారు నడుపుతాడు ఆమె కొడుకు, లీయా భర్త సంసోను. పాపను మళ్లీ తెల్లగుడ్డలో చుట్టి, ఊరికి వేసుకొచ్చిన ఆ కారులోనే బీదర్ దవాఖానకు తీసుకెళ్లాడు.

లీయా వెనక సీట్లో కూర్చుంది. ఏడుపు రావడం లేదు. పాలు మాత్రం కారి జాకెట్టు తడుస్తోంది.

అత్త ఎందుకు పట్టుబట్టిందో ఆమెకు తెలుసు.

పాప పుట్టిన నాటి నుంచీ అత్త ఆమెను నమ్మలేదు. పాలు తాగించగానే వచ్చి లాక్కున్నంత పని చేసేది. “పక్కల పండబెట్టుకోకు” అనేది. పాపను ఊయలలో వేసి, నడుం వాల్చకుండా తానే కాపలా కూర్చునేది. కన్నతల్లి తను ఉండగా ఈవిడ పెత్తనమేమిటని లీయాకు ఒళ్లు మండేది.

మొన్న అత్తకు జ్వరమొచ్చింది. మాత్ర వేసుకుని పడుకుంది. ఇదే అదనని లీయా పాపను పక్కలో వేసుకుంది. తనివితీరా ఆ చిన్ని తల వాసన చూసింది. హాయిగా నిద్ర పట్టేసింది. తెల్లారి చూస్తే పాప నీలంగా ఉంది.

అత్త వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

“పక్కల ఏసుకున్నవా?”

లీయా తలూపింది. ఆ తర్వాత అత్త ఆమెతో మాట్లాడలేదు.

దవాఖానలో పాపను కోయడానికి సంసోను ఒప్పుకోలేదు.

“కోసుడు లేదన్నా, స్కాన్ తీస్తం. పుట్టుకతోనే లోపల ఏమన్న లోపముంటే కనిపిస్తది” అంది కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ.

తలుపు మూశారు. బయట బెంచీకి ఆ చివర అత్త, ఈ చివర కోడలు.

‘నేనే సంపిన్నని తేలితే ఏం చేస్తవ్ అత్తమ్మా?’ అని అడుగుదామనుకుంది లీయా. తేలితే తేలనీ అనిపించింది. తనకూ అదే అనుమానం మరి.

చివరికి డాక్టరమ్మ అందర్నీ లోపలికి పిలిచి స్కాన్ తెర చూపించింది.

“గివి పేగులు. కడుపుల ఉండాల్సినయి ఛాతిల ఉన్నయి. నడుమ ఉండే పొరకు పుట్టుకతోనే సందుంది. పేగులు పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కినయి. పక్కల పండుకున్నందుకు కాదు. నీ తప్పేం లేదు చెల్లె.”

లీయా విన్నది. ఏమీ అనిపించలేదు. ఇప్పుడేమంటావన్నట్టు అత్త వైపు చూసింది.

హేబ్సిబా తెరనే చూస్తోంది. చెయ్యి చాచి కోడలి చేతిని పట్టుకుంది.

“గీ లోపం ఒకింట్ల ఇద్దరు పిల్లలకు వస్తదా అమ్మా?”

“అరుదుగ వస్తది. ఎందుకడుగుతున్నరు?”

“సంసోను కంటె ముందు పుట్టిన నా బిడ్డ గూడ నా పక్కలనే గిట్ల నీలమై పోయింది డాక్టరమ్మా, నిద్రల మీద పడి నేనే సంపిన్నని ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే.”