ఎడమకి వాలిన గీతలు

ఖాళీ ఒకటి, వచ్చినవాళ్ళు ఆరుగురు.

లోపలికి అడుగుపెట్టగానే ఆమె వేసుకున్న మొదటి లెక్క అది.

డైలు తయారుచేసే కార్ఖానా. రేకును ఒక్క దెబ్బకి డబ్బా మూతగానో తాళంచెవిగానో కోసే ఉక్కు అచ్చులు ఇక్కడే పుడతాయి. గోడవారన బల్ల మీద ముక్కని బిగించి పట్టే ఆరు వైసులు, ఒక్కో వైసుకి ఒక మనిషి. ఆమెది అయిదోది.

తలా ఒక ఉక్కు ముక్క, చదరపు కన్నం ఉన్న పలక ఇచ్చి ఫోర్‌మన్ చెప్పాడు.

"ముక్కని ఆకురాయితో అరగదీసి కన్నంలో పట్టించాలి. లైటుకి ఎత్తి చూస్తే ఏ సందులోంచీ వెలుతురు రాకూడదు. రెండింటికల్లా ఇచ్చెయ్యండి. ఎవరి చెయ్యి బాగుంటే వాళ్ళే అప్రెంటిస్."

ఇప్పటికి ఏడు కార్ఖానాలు ఆమెను గేటు దగ్గరే తిప్పి పంపాయి. "ఆడపిల్లవి, జడ మిషన్లో పడుతుంది" అన్నారొకచోట. మర్నాడే జడ కత్తిరించేసింది.

ఎనిమిదోచోట బాబాయి పనిచేస్తున్నాడు. "నేను చూసుకుంటాగా" అన్నాడు.

చూసుకున్నాడు, తన బావమరిదిని.

ఇది తొమ్మిదోది. ఇదీ పోతే, అదే బాబాయి చూపించిన గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ బతకాలి.

ఆరో వైసు దగ్గర జుట్టంతా నెరిసిన మనిషొకాయన ఎడమచేత్తో ఆకురాయి పట్టుకుని నిలబడ్డాడు.

"మీరూ పరీక్షకేనా, పెద్దాయనా?"

"వయసుతో పనిలేదని ప్రకటనలో వేశారుగా."

"ఇప్పుడు నేర్చుకుంటారా?"

"ఇంట్లో ఉంటే మా ఆవిడ ఊరుకోవడంలేదమ్మాయ్. కిర్రుమంటున్నాయని తలుపులన్నీ అరగదీశాను. ఇప్పుడు ఒక్కదానికీ గడియ పడదు."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. పోటీకొచ్చినవాడితో నవ్వులేమిటి?

కాసేపటికి ఆయన తన సుద్దముక్కను ఆమె వైపు జరిపాడు.

"ఆకురాయికి సుద్ద పట్టించు. లేకపోతే పొడి దాని పళ్ళలో ఇరుక్కుని ముక్క మీద గాట్లు పడతాయి."

"నాకెందుకు చెబుతున్నారు? నేను నెగ్గితే మీరు ఇంటికేగా."

"అనుమానం కాస్త ఎక్కువే నీకు."

"ఊరికే రాలేదు లెండి."

ఆయన తిరిగి తన పనిలో పడ్డాడు. నోరు మాత్రం ఊరుకోలేదు. "ముందుకు తోసేటప్పుడే నొక్కు. వెనక్కొచ్చేటప్పుడు చెయ్యి తేలిక చెయ్యి."

సుద్ద రాసింది. చెయ్యి తేలిక చేసింది. ఉక్కు మాట వినసాగింది.

ఒంటిగంటన్నరకి ముక్క కన్నంలో దిగింది. లైటుకి ఎత్తింది. మూడు వైపులా చీకటి. నాలుగో వైపు వెంట్రుకంత వెలుతురు.

ఇంకా అరగదీస్తే సందు పెరుగుతుందే కానీ తగ్గదు. పోయిన ఉక్కు తిరిగి రాదు.

ఆయన దాన్ని తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఆమె ముందు పెట్టేశాడు.

"నీళ్ళు తాగొస్తా" అని బయటికి నడిచాడు.

ఆయన ముక్క బల్ల మీదే ఉంది. ఆమె ఎత్తి చూసింది. నాలుగు వైపులా చీకటి.

రెండో లెక్క వేసింది. ఆయనకి ఇల్లుంది, ఆవిడ ఉంది, గడియ పడని తలుపులున్నాయి. తనకేముంది?

చుట్టూ చూసింది. అందరి తలలూ వంగే ఉన్నాయి. తన ముక్కా పలకా అటు పెట్టింది, ఆయనవి ఇటు లాక్కుంది.

బాబాయి దగ్గర నేర్చుకున్న విద్య ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

ఆయన తిరిగొచ్చాడు. బల్ల మీది ముక్కను లైటుకి ఎత్తాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఆమె చేతిలోదాన్ని చూశాడు.

"నువ్విచ్చేది ఇదేనా?"

"ఆ... ఇదే."

"ఇంకోసారి చూసుకో తల్లీ. టైముంది."

"చూసుకున్నాను."

"సరే."

రెండింటికి ఫోర్‌మన్ వచ్చాడు. ఆమె ఇచ్చిన ముక్కను లైటుకి ఎత్తి, దాని మీది గీతలు చూశాడు. కాగితం మీద సంతకం పెడుతున్న ఆమె చేతిని చూశాడు. పెద్దాయన వైపు చూశాడు. ఆయన తలూపి, గుడ్డతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"సోమవారం రా" అన్నాడు ఫోర్‌మన్.

సోమవారం ఆమె చేతికి ఒక నూనె గుడ్డ ఇచ్చి, డైలన్నీ తుడవమన్నాడు.

"నాకు పని నేర్పే మాస్టరు ఎవరండీ?"

"ఎవరూ లేరు."

"లేకుండా అప్రెంటిస్‌ని ఎందుకు తీసుకున్నారు?"

ఫోర్‌మన్ సొరుగు లాగి ఒక ముక్కను, పలకను ఆమె ముందు పెట్టాడు. నాలుగో వైపు వెంట్రుకంత సందు.

"ఇది నీదేగా?"

ఆమె చేతిలోని నూనె గుడ్డను బల్ల మీద పెట్టేసింది.

"ఎడమచేత్తో అరగదీసినట్టు గీతలు ఎడమకి వాలిన ముక్క ఇచ్చి, కుడిచేత్తో సంతకం పెట్టావు."

"మరి... నన్నెందుకు పంపెయ్యలేదు?"

"ఆయన నీళ్ళకని వచ్చింది నా దగ్గరికే. 'అయిదో వైసు అమ్మాయిని తీసుకో, వెంట్రుకంతే తప్పింది, రెండేళ్ళలో అదీ పోతుంది' అన్నాడు. నువ్వు చేసింది చూశాక కూడా మాట మార్చలేదు. తర్వాత నా గదికొచ్చి, 'ఆ చోటు ఆ అమ్మాయిదే, ఇచ్చెయ్' అన్నాడు."

"అసలు ఆయనెవరండీ?"

ఫోర్‌మన్ సొరుగు మూశాడు.

"పోయిన నెలలో రిటైరైన మా డై మాస్టరు, నేర్పదగ్గ చెయ్యి ఒక్కటి దొరికితే ఇంకో రెండేళ్ళు వస్తానని కాగితం రాసిచ్చి, వెతుక్కోడానికి నీ పక్కన నిలబడి, నువ్వు దొరికాక ఆ కాగితం చించేసి వెళ్ళాడు."