ఇరవై రెండు పౌన్ల రేకు

ఉత్తరం చదవడం అయిపోయింది. టిడ్‌మార్ష్ దాన్ని మడిచి దిండు పక్కన పెట్టాడు. ఆసుపత్రి మంచం మీది పైలట్ గార్బట్‌కు తల నిండా కట్లే, రెండు చేతులకూ కట్లే. ముక్కూ నోరూ మాత్రం బయటికి కనబడుతున్నాయి.

"మా అమ్మ నాకు మేజోళ్లు అల్లుతోందన్నమాట," అన్నాడు గార్బట్. "చేతి తొడుగులు కాదు, నయం."

టిడ్‌మార్ష్‌కు నవ్వు రాలేదు. కళ్లకు కట్లు కట్టిన పైలట్లకు ఉత్తరాలు చదివిపెట్టేవాళ్లు కావాలని చర్చిలో అడిగినప్పుడు అతను పేరిచ్చాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాడు. ఎవరడిగినా ఆఫీసులో గుమాస్తానని చెప్పేవాడు. నిజానికి అతను విమానాల ఫ్యాక్టరీలో నక్షలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. గార్బట్ నడిపిన లాప్‌వింగ్ ఫైటర్ ముందుభాగం గీసింది అతనే.

ఆ విమానంలో పెట్రోలు టాంకు సరిగ్గా పైలట్ మోకాళ్ల ముందుంటుంది. సెప్టెంబరులో కెంట్ జిల్లా మీద ఆకాశంలో జరిగిన పోరులో తూటా తగిలి అంటుకున్నది ఆ టాంకే.

మొదట టాంకుకీ పైలట్‌కీ మధ్య టిడ్‌మార్ష్ ఒక ఉక్కు రేకు గీశాడు. ఇరవై రెండు పౌన్ల బరువు. యుద్ధానికి ఏడాది ముందు పైనుంచి చీటీ వచ్చింది. ఆ బరువువల్ల విమానం పైకి లేవడం ఆలస్యమవుతోందని పరీక్షల్లో తేలిందట, తీసేయమన్నారు. అది తప్పని అతనికి తెలుసు. ఒక్క మాట అనలేదు. రబ్బరు తీసుకుని చెరిపేశాడు. బల్ల మీది టీ చల్లారేలోపే పని అయిపోయింది.

గార్బట్‌కు ఆ సంగతి ఎలా తెలిసిందో మరి, మూడో ఆదివారం తనంత తానే ఎత్తాడు.

"ఆ టాంకుకీ నాకూ మధ్య ఒక రేకు ఉండాల్సిందండీ. పైకి లేవడం ఆలస్యమవుతుందని తీయించేశాడొకడు."

పైలట్ల మధ్య ఇలాంటి కబుర్లు పాకుతూనే ఉంటాయని టిడ్‌మార్ష్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"అతను కనబడితే ఏం చేస్తావు బాబూ?"

"వాడి సంగతి నాకొదిలేయండి," అన్నాడు గార్బట్. తన స్క్వాడ్రన్‌లో అలాగే కాలి చచ్చిపోయిన నలుగురి పేర్లూ చెప్పాడు. చివరివాడికి పంతొమ్మిదేళ్లు. "వాళ్ల అమ్మల ముందుకి వాడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడంటారు?"

ఆ రోజునుంచి టిడ్‌మార్ష్‌కు తిండి సయించలేదు. మొన్న గురువారం ఫ్యాక్టరీలో ఇంకో చీటీ వచ్చింది. రేకు మళ్లీ పెట్టమన్నారు. చెరిపిన చోటే, అవే కొలతలతో మళ్లీ గీశాడు. గీత వంకర పోతే రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. ఇక దాచకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

ఇప్పుడు నర్సు అవతలి మంచం దగ్గరికి వెళ్లేదాకా ఆగి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"గార్బట్, నేను గుమాస్తాను కాదు. లాప్‌వింగ్ ముందుభాగం గీసింది నేను. ఆ రేకు చెరిపిందీ నేనే."

గార్బట్ తిడతాడనుకున్నాడు. నర్సును పిలిచి బయటికి పొమ్మంటాడనుకున్నాడు. ఏదైనా సరే పడాలని తలవంచుకుని కూర్చున్నాడు.

"మీ అంతట మీరే చెరిపారా?" అని అడిగాడు గార్బట్.

"లేదు బాబూ. పరీక్షలు చేసిన పైలట్ ఎవరో ఆ రేకు దండగని రిపోర్టు రాశాట్ట. దాన్నిబట్టే తీసేయమన్నారు. అయినా నేను కాదనాల్సింది. నోరు మెదపలేదు."

"ఆ రిపోర్టు మీరు చూశారా?"

"చూడలేదు. కింద ఎవరి సంతకం ఉందో కూడా తెలీదు."

గార్బట్ మొహాన్ని గోడవైపు తిప్పుకున్నాడు.

"నాది," అన్నాడు.