తొయ్యని మనిషి

పుంగనూరు బస్టాండులో బస్సు మళ్లీ మొరాయించింది.

అందులో కొత్తేం లేదు. ఎనభైల మొదట్లో కుప్పం నుంచి మదనపల్లెకు తిరిగిన ఆ ప్రైవేటు బస్సుకు సెల్ఫు స్టార్టరు ఎప్పుడో పోయింది. ఇంజను ఆగిందంటే మగవాళ్లందరూ దిగి తోయాల్సిందే. ఆ బస్సుకు టికెట్టు కొన్నవాడు తోయడానికి కూడా ఒప్పుకున్నట్టే లెక్క.

"దిగండప్పా, దిగండి! తలా ఒక చెయ్యి ఎయ్యండి!" కండక్టరు రెడ్డెప్ప తలుపు మీద చరిచాడు.

మగవాళ్లందరూ దిగారు. కిటికీ పక్కన ఒకడు మాత్రం కదల్లేదు.

కుప్పంలో ఎక్కిన మనిషి. ఏ ఊరివాడో ఎవరికీ తెలీదు. నిలువెత్తు విగ్రహం, బుర్రమీసాలు. ఎదురొస్తే ఎద్దు కూడా పక్కకు తప్పుకునేలా ఉన్నాడు.

"నిన్నేనప్పా! యాల కూసోనుండావు?"

"నా చేత కాదప్పా," అన్నాడతను మెల్లగా.

"నీ చేత కాదా? ఆడ సూడు, చింతపండు అమ్మే సత్తార్ సాయిబు. గడ్డం నెరిసినోడు తోస్తాండాడు!"

అతను తల దించుకున్నాడు.

"ఆకారపుష్టి, నైవేద్యనష్టి!" అన్నాడు రెడ్డెప్ప. బస్సులోని ఆడవాళ్లు కూడా నవ్వారు. సత్తార్ సాయిబు భార్య రహీమా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బస్సు కదిలింది. ఊరు దాటిందో లేదో సత్తార్ సాయిబు రొమ్ము పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమటలు. మొహం పాలిపోయింది.

"క్యా హువా జీ?" ఏమైందని అడుగుతూ రహీమా కొంగుతో ఆయన చెమట తుడిచింది.

"గ్యాసు," అని రెడ్డెప్ప తేల్చేశాడు. "తిన్నింది పడలేదు. గోలీసోడా తాగితే ఒక్క తేపుతో పోతాది. ముందర అంగడి ఉండాది, ఆపుదాం."

కిటికీ పక్క మనిషి లేచి నిలబడ్డాడు.

"సోడా వద్దప్పా. బస్సు ఆపొద్దు. నేరుగా మదనపల్లె ఆస్పత్రికి పోనీండి."

"తోసేదానికి చేతకాదు గానీ చెప్పేదానికి ఏం తక్కువ లేదు!"

అంగడి ఉన్నది మిట్ట దారిలో. బ్రేకు కొట్టగానే ఇంజను ఆగిపోయింది. సాయిబు సోడా తాగాడు. తేపు కూడా వచ్చింది. నొప్పి మాత్రం పోలేదు, ఎడమ చేతిలోకి దిగింది.

అప్పుడు ఆ మనిషి దగ్గరికొచ్చాడు. జేబులోంచి చిన్న గాజుసీసా తీసి అరచేతిలో వంచాడు. ఒక్క మాత్ర పడింది. దాన్నే చూస్తూ కాసేపు నిలబడిపోయాడు.

"ఒక్క మాత్ర ఇచ్చేదానికి ఇంత ఆలోచనా? అదేమన్నా బంగారమా?" అన్నాడు రెడ్డెప్ప.

అతను వంగి ఆ మాత్రను సాయిబు నోట్లో పెట్టాడు.

"మింగొద్దు సాయిబూ. నాలిక కింద పెట్టుకో. అట్లే కరగనీ."

కాసేపటికి సాయిబు కళ్లు తెరిచాడు. నొప్పి తగ్గుముఖం పట్టింది. కానీ బస్సు కదిలితే కదా! అందరూ కలిసి తోస్తే జానెడు ముందుకు, మూరెడు వెనక్కి. మిట్ట ఎక్కిస్తే అవతలి దిగుడులో ఇంజను అందుకుంటుంది. ఎక్కించడానికి బలం చాలడం లేదు. దారిలో ఇంకో బండి జాడ లేదు.

రహీమా ఆ మనిషి ముందర చేతులు జోడించింది.

"అన్నా, నీకు మొక్కుతా. నువ్వూ ఒక చెయ్యి ఎయ్యన్నా. మా ఆయన దక్కడన్నా!"

పాపం, ఆ తల్లి అంతకన్నా ఏం చేయగలదు?

అతను ఏదో చెప్పబోయాడు. సీటు మీద వాలిపోయిన సాయిబును చూశాడు. ఆమె చేతుల్ని చూశాడు. చెప్పకుండానే పంచె ఎగ్గట్టి దిగాడు.

భుజం ఆనించి తోశాడు. బస్సు మిట్ట ఎక్కింది. దిగుడులో రెండుసార్లు దగ్గి ఇంజను అందుకుంది.

"సూస్తిరా! ఇంత బలం పెట్టుకొని, పుంగనూర్లో కొత్త పెండ్లికూతురు మాదిరి కూసోనుండె!" రెడ్డెప్ప గొంతులో కోపం లేదు, సంబరమే ఉంది.

అతను కమ్మీ పట్టుకుని నిదానంగా ఎక్కి, కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

మదనపల్లెలో బస్సు నేరుగా ఆస్పత్రి ముందే ఆగింది. సాయిబును మోసుకుని లోపల పడుకోబెట్టారు. డాక్టరు చూశాడు.

"బాగా సమయానికి తెచ్చినారు. నాలుక కింద మాత్ర వేసిందెవరు? ఆయన్ని ఇట్లా పిలవండి."

రెడ్డెప్ప బస్సు దగ్గరికి పరిగెత్తాడు. వెనకాలే రహీమా, దణ్ణం పెట్టుకోవడానికి.

"లేయప్పా! డాక్టరు పిలుస్తాండాడు. నిన్ను మెచ్చుకుంటాండాడు!"

అతను లేవలేదు. రెడ్డెప్ప భుజం పట్టి కదిపాడు. కిటికీకి ఆనిన తల పక్కకు జారింది. చెయ్యి చల్లగా ఉంది.

కేక విని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. నాడి చూశాడు. రొమ్ము మీద చెవి పెట్టి విన్నాడు. ఇంకేం చేయలేనని తల అడ్డంగా ఊపాడు. బిగిసిన పిడికిలి విప్పి చూస్తే గాజుసీసా ఉంది.

"ఈయనకు ముందు నుంచే గుండెజబ్బు ఉండాలి. లేకుంటే ఈ మాత్రలు దగ్గర పెట్టుకోరు," అన్నాడు డాక్టరు. సీసా వంచి చూశాడు. "బరువు పనేమన్నా చేసినాడా? నొప్పి వస్తే వేసుకోవడానికి ఒక్కటన్నా మిగుల్చుకోలేదేమి?"

రహీమా బస్సు మెట్టు మీదే కూలబడింది.

మిగిలిన ఆ ఒక్క మాత్రా లోపల పడుకున్న సత్తార్ సాయిబు నాలుక కింద కరిగిపోయి చాలాసేపయింది.